ఇంటర్నెట్ రేడియోలో మీ పాట మోగితే డబ్బు ఏ దారిన వస్తుంది: ఎక్కడ చేరాలి, ఏది ఎంచుకోవాలి

అమెరికాలో ఒక ఇంటర్నెట్ రేడియో మీ పాట వేసిందంటే ఆ స్టేషన్ నెత్తిన రెండు బాకీలు పడతాయి. ఒకటి పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి. రెండోది ఆ పాటను పాడి, వాయించి చేసిన రికార్డింగుకు. ఈ రెండూ వసూలు చేసే సంస్థలు వేరు, లెక్క కట్టే పద్ధతులు వేరు, పంచే తీరు వేరు. ఒకచోట పేరు నమోదు చేసుకుంటే రెండోది దానంతటదే రాదు.

సంగీతకారుల డబ్బు ఎక్కువగా ఎక్కడ ఆగిపోతుందంటే, "పాటలను ఆన్‌లైన్ సేవలకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి ఇచ్చేశాం కదా, వాళ్లే చూసుకుంటారు" అనుకునే దగ్గర. డిస్ట్రిబ్యూటర్ చూసుకుంటే గింటే రికార్డింగు యజమాని వాటా చూసుకుంటాడు. కళాకారుడి వాటా మాత్రం మీరు మీ పేరున చేరితేనే వస్తుంది. కింద చెప్పే ఎంపికల్లో దేన్ని తీసుకున్నా ఈ ఒక్క విషయం మారదు.

ముందు తేలాల్సింది: అది రేడియోనా, కోరిన పాటనా

వినేవాడు తనకు కావలసిన పాటను పేరు పెట్టి ఎంచుకుని వినగలిగితే అది రేడియో కాదు. అక్కడ లేబుళ్లు (రికార్డింగు కంపెనీలు), డిస్ట్రిబ్యూటర్లు కంపెనీతో నేరుగా ఒప్పందం చేసుకుంటారు, డబ్బు ఆ దారిలోనే వస్తుంది. తర్వాత ఏ పాట వస్తుందో వినేవాడి చేతిలో లేకపోతే అది రేడియో. దానికి అమెరికా కాంగ్రెస్ 1995లో, 1998లో చేసిన చట్టాల కింద చట్టబద్ధ లైసెన్స్ ఉంది. స్టేషన్ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. నిర్ణీత రేటు కట్టి, నిబంధనలు పాటిస్తే చాలు.

ఆ నిబంధనలు చిత్రంగానే ఉంటాయి. ఒక ఛానల్‌లో ఏ 3 గంటలు తీసుకున్నా ఒకే ఆల్బమ్ నుంచి 3 పాటలకు మించి వేయకూడదు, అందులోనూ వరసగా 2కి మించకూడదు. ఒకే కళాకారుడివైతే 4 పాటలు, వరసగా 3. ఏ పాట ఎప్పుడు వస్తుందో ముందుగా జాబితా ప్రకటించకూడదు. మీ ఆల్బమ్ మొత్తాన్ని ఏకబిగిన వేస్తామని ఏదైనా స్టేషన్ ఉత్సాహంగా చెబితే, ఈ లైసెన్స్ కింద వాళ్లకు ఆ వీలు లేదు. యజమాని నుంచి విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోవాల్సిందే.

గీత ఎక్కడ పడుతుందన్న తగువు కోర్టుకు కూడా వెళ్లింది. వినేవాడి ఇష్టాయిష్టాలను బట్టి పాటలు మార్చే లాంచ్‌కాస్ట్ అనే సర్వీసు రేడియోలాంటిదేనని 2009లో అమెరికా అప్పీళ్ల కోర్టు తేల్చింది. అందుకే మీకు నచ్చిన పాటకు బొటనవేలు పైకి చూపించే తరహా స్టేషన్లు కూడా రేడియో కిందికే వస్తాయి. ఒకే కంపెనీ రెండు రకాలూ నడుపుతుంది కాబట్టి కంపెనీ పేరు చూసి లెక్క వేయకండి, ఏ శ్రేణి సేవలో మోగిందో చూడండి.

ఇంకో విడ్డూరం ఉంది. అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం స్టేషన్లు గాలిలో ప్రసారం చేసే పాటకు గాయకులకు, వాద్యకారులకు పైసా కట్టవు. రచన వైపు మాత్రమే కడతాయి. అదే స్టేషన్ అదే క్షణాన అదే పాటను తన వెబ్‌సైట్‌లో వినిపిస్తే మాత్రం రికార్డింగుకూ కట్టాలి. ఎఫ్ఎంలో పాట మార్మోగిపోతోంది, స్టేట్‌మెంట్‌లో ఏమీ లేదేమిటి అని కంగారు పడేవారికి కారణం ఇదే.

ఒక్క ప్లేకి ఎంత

ముగ్గురు న్యాయమూర్తులుండే కాపీరైట్ రాయల్టీ బోర్డు అయిదేళ్లకోసారి రేటు ఖరారు చేస్తుంది. 2021లో ప్రకటనలతో నడిచే స్టేషన్లకు ఒక్కో ప్లేకి 0.0021 డాలర్, చందా కట్టించుకునే వాటికి 0.0026 డాలర్. తర్వాతి ఏళ్లలో ధరల సూచీని బట్టి కొంత పెరిగింది. ఇక్కడ ప్లే అంటే స్టేషన్ ఒకసారి వేయడం కాదు, ఒక శ్రోతకు ఒకసారి చేరడం. వెయ్యి మంది వింటున్న సమయంలో ఒకసారి వేస్తే వెయ్యి ప్లేలు. కోరిన పాటల సేవల్లో సాధారణంగా 30 సెకన్లు దాటితేనే లెక్క. రేడియోలో ఆ షరతు లేదు, పాటలో ఏ ముక్క శ్రోతకు చేరినా ప్లేనే.

2021 రేటు మీదే లెక్క చూద్దాం. ప్రకటనల స్టేషన్‌లో మీ పాటకు 10,000 ప్లేలు వస్తే 21 డాలర్లు. ఈ డబ్బును చట్టమే పంచి పెట్టింది: 50 శాతం రికార్డింగు యజమానికి, అంటే 10.50 డాలర్లు. 45 శాతం ప్రధాన కళాకారుడికి, 9.45. మిగిలిన 5 శాతం, అంటే 1.05 డాలర్లు, సెషన్‌లో వాయించిన, పాడిన తోడు కళాకారుల నిధికి. నలుగురు సభ్యుల బ్యాండ్ సమానంగా పంచుకుంటే తలా 2.36. వసూలు సంస్థ తన నిర్వహణ ఖర్చు తీసుకున్నాకే ఈ పంపకం, కాబట్టి చేతికొచ్చేది ఇంకాస్త తక్కువ.

రికార్డింగు వైపు వసూలు చేసేది సౌండ్‌ఎక్స్ఛేంజ్ అనే లాభాపేక్ష లేని సంస్థ. 2000లో రికార్డింగు కంపెనీల సంఘంలో విభాగంగా మొదలై, 2003లో విడిపోయి స్వతంత్రంగా నిలబడింది. ఈ లైసెన్స్ డబ్బు వసూలుకు వేరే సంస్థ లేదు కాబట్టి ఇక్కడ ఎంపిక సమస్యే లేదు. చేరడానికి రుసుము లేదు. చేరాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. ఏ హోదాలో, ఎవరి ద్వారా, ఏ పరిధికి అన్నదే ప్రశ్న.

చట్టబద్ధ లైసెన్సా, నేరు ఒప్పందమా

ఈ ఎంపిక రికార్డింగు యజమానిది. యజమాని మీరు కాకపోయినా, దీని దెబ్బ తగిలేది మీకే కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

పెద్ద సర్వీసులు చట్టబద్ధ లైసెన్స్‌ను పక్కనపెట్టి లేబుళ్లతో నేరుగా మాట్లాడుకోవచ్చు. 2012లో రేడియో కంపెనీ క్లియర్ ఛానల్, బిగ్ మెషీన్ లేబుల్‌తో అలాగే కుదుర్చుకుంది. చట్టం ఇవ్వమనని ఎఫ్ఎం ప్రకటనల ఆదాయంలో వాటా కూడా ఆ ఒప్పందంలో ఉంది. 2014లో ఇంటర్నెట్ రేడియో పండోరా స్వతంత్ర లేబుళ్ల సమాఖ్య మెర్లిన్‌తో ఒప్పందం చేసుకుంది. 2016 నుంచి వర్తించే రేట్లు నిర్ణయించేటప్పుడు బోర్డు దాన్ని ఒక కొలమానంగా తీసుకుంది. సర్వీసుకు కావలసినవి చట్టంలో దొరకనివి: ఎక్కువ స్కిప్‌లు, మళ్లీ వినే వీలు, నెట్ లేకుండా వినడం. లేబుల్‌కు కావలసినవి ఎక్కువ రేటు, అడ్వాన్స్, ఎక్కువ ప్లేలు.

మరి కళాకారుడికి? 50, 45, 5 అన్న పంపకం చట్టబద్ధ లైసెన్స్ డబ్బుకే వర్తిస్తుంది. నేరు ఒప్పందంలో డబ్బంతా లేబుల్‌కు చేరి, లేబుల్‌తో మీ కాంట్రాక్టులో ఏముంటే అదే మీకు వస్తుంది. తేడా అంకెల్లో చూడండి. లేబుల్ మీ మీద పెట్టిన ఖర్చులో ఇంకా 5,000 డాలర్లు తిరిగి రాలేదనుకోండి, మీ రాయల్టీ 20 శాతం అనుకోండి. చట్టబద్ధ దారిలో 10,000 ప్లేలకు మీ 9.45 డాలర్లు నేరుగా మీకే వస్తాయి. లేబుల్ బాకీకి దాన్ని జమ వేసుకునే వీలు లేదు. నేరు ఒప్పందంలో రేటు 20 శాతం ఎక్కువగా ఉండి 25.20 డాలర్లు వచ్చినా, అందులో మీ 20 శాతం 5.04. అది కూడా బాకీలో సర్దుబాటవుతుంది. చేతికొచ్చేది సున్నా.

అందుకని లేబుల్‌తో కాంట్రాక్టు చేసుకునేవారు రాయల్టీ శాతం మీద ఎంత పట్టు పడతారో, ఈ వాక్యం మీద కూడా అంత పట్టు పట్టాలి: రేడియో తరహా సేవలకు నేరుగా లైసెన్స్ ఇచ్చినా కళాకారుడి 45 శాతం సౌండ్‌ఎక్స్ఛేంజ్ ద్వారానే, బాకీతో సంబంధం లేకుండా చెల్లించాలి. కొన్ని ఒప్పందాల్లో ఇది ఉంటుంది, అడిగితే పెడతారు. అడగకపోతే పెట్టరు.

మాస్టర్, అంటే రికార్డింగు హక్కు, మీదే అయితే లెక్క మారుతుంది. రెండు వాటాలూ మీవే కాబట్టి రేటు ఒక్కటే చూసుకుంటే సరిపోతుంది. అయితే ఒంటరి సంగీతకారుణ్ని పిలిచి ఎవరూ బేరం ఆడరు. ఈ ఒప్పందాలు డిస్ట్రిబ్యూటర్ ద్వారా, మూకుమ్మడిగా వస్తాయి. డిస్ట్రిబ్యూటర్ షరతుల్లో "రేడియో తరహా సేవలు" అన్న భాగం వెతికి, అది మీ తరఫున నేరు లైసెన్స్ ఇచ్చే అధికారం తీసుకుంటోందా, తీసుకుంటే వద్దనే వీలు ఉందా చూడండి. ఏ షరతులో మార్పు లేకుండా ఊరికే ఎక్కువ ప్లేలు ఇస్తామంటే, తక్కువ రేటుకు ఒప్పుకోవడమే అవుతుంది. అలాంటి చోట చట్టబద్ధ దారిలోనే ఉండటం మేలు.

యజమాని వాటా: మీరే తీసుకోవాలా, డిస్ట్రిబ్యూటర్‌కు వదలాలా

సొంతంగా పాటలు విడుదల చేసేవారు సౌండ్‌ఎక్స్ఛేంజ్‌లో రెండు హోదాల్లో చేరాలి: ప్రధాన కళాకారుడు, రికార్డింగు యజమాని. చాలామంది మొదటిది టిక్ చేసి రెండోది వదిలేస్తారు. అప్పుడు 21 డాలర్లలో 9.45 వచ్చి, 10.50 హక్కుదారు లేక అక్కడే ఉండిపోతుంది.

కొందరు డిస్ట్రిబ్యూటర్లు యజమాని వాటాను తామే వసూలు చేసిపెడతామంటారు, దానికి కమిషన్ ఉంటుంది. 15 శాతం అనుకుంటే పై లెక్కలో 10.50కి 1.58 పోతుంది. ఆ డబ్బుకు వాళ్లు చేసే పని రికార్డింగుల జాబితా ఎక్కించడం, తగువులు వస్తే చూడటం. పది పదిహేను పాటలున్నవారికి ఆ పని ఒక సాయంత్రంతో అయిపోతుంది కాబట్టి సొంతంగా చేసుకోవడమే లాభం. వందల రికార్డింగులు, పలువురు కళాకారులు ఉన్న చిన్న లేబుల్ అయితే కమిషన్ గిట్టుబాటే.

రెండూ కలిపి మాత్రం చేయకండి. డిస్ట్రిబ్యూటర్ సేవలో ఆ టిక్ పెట్టి, మీరూ వెళ్లి అవే రికార్డింగులకు యజమానిగా నమోదు చేస్తే ఒకే రికార్డింగుపై ఇద్దరు హక్కుదారులు తేలతారు. ఇద్దరి మధ్య తేలేదాకా ఆ వాటా ఎవరికీ వెళ్లదు. డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది: పాతవారు తమ క్లెయిమ్ వదులుకున్నట్టు నమోదయ్యాకే కొత్త క్లెయిమ్ వేయాలి.

కళాకారుడి 45 శాతాన్ని వేరే సంస్థ ద్వారా తెప్పించుకోమనే ప్రకటనలు కూడా కనిపిస్తాయి. ఇక్కడ మా అభిప్రాయం సూటిగానే చెబుతాం: అమెరికా వరకు దానికి కమిషన్ కట్టడం దండగ. గుర్తింపు కార్డు, బ్యాంకు వివరాలు, పన్ను ఫారం, మీరు వాడే పేర్లు, పాటల జాబితా. ఇంతే పని.

బ్యాండ్ అయితే ప్రతి సభ్యుడూ విడిగా చేరాలి. లీడర్ ఖాతాకు అంతా పంపించుకుని తర్వాత పంచుకుందాం అనుకుంటే మిగతావారి సంతకాలతో రాతపూర్వకంగా ఉండాలి. మధ్యలో మానేసిన డ్రమ్మర్ వాయించిన పాటల్లో అతని వాటా అతనిదే. మానేసిన తర్వాత చేసిన పాటల్లో మాత్రం ఉండదు. సభ్యులు మారిన ప్రతిసారీ ఏ పాటల్లో ఎవరున్నారో రాసి పెట్టుకోకపోతే తర్వాత పేచీ వస్తుంది.

స్టేషన్ పంపే ఒక్క వరుస

స్టేషన్ ఇచ్చే నివేదికలో ఒక్కో పాటకు ఒక్కో వరుస ఉంటుంది. కళాకారుడి పేరు, పాట పేరు, ఆ తర్వాత రికార్డింగు గుర్తింపు సంఖ్య ఐఎస్‌ఆర్‌సీ. అది లేకపోతే ఆల్బమ్ పేరు, లేబుల్ పేరు. చివర ప్లేల సంఖ్య. మీ డబ్బు మీదాకా వస్తుందా రాదా అన్నది ఈ వరుసలో ఏం రాశారన్న దాని మీదే ఆధారపడుతుంది.

మన పేర్లకు ఇక్కడ ప్రత్యేకంగా కష్టం. శ్రీనివాస్ అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ముందో వెనకో, పొడి అక్షరాలకు చుక్కలున్నాయో లేవో, ఒక్కో ఆల్బమ్‌లో ఒక్కో తీరు. పైగా సినిమా పాటల అలవాటు కొద్దీ కళాకారుడి గడిలో సంగీత దర్శకుడి పేరు పెట్టి, పాడినవారిని పాట పేరు పక్కన బ్రాకెట్‌లో ఇరికిస్తారు. స్టేషన్ సాఫ్ట్‌వేర్ ఆ గడిలో ఉన్నదాన్నే తీసుకుని పంపుతుంది. గాయని ఎంత పద్ధతిగా నమోదు చేసుకున్నా, నివేదికలో ఆమె పేరు లేనప్పుడు జత కుదరదు.

దీనికి మందు రెండు చోట్ల వేయాలి. మొదటిది, విడుదలకు ముందే ఫైల్ ట్యాగ్‌లలో, డిస్ట్రిబ్యూటర్ ఫారంలో పేరు ఒక్క తీరుగా రాయడం. రెండోది, సౌండ్‌ఎక్స్ఛేంజ్ ఖాతాలో ఇప్పటిదాకా మీ పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో అన్ని రకాలూ చేర్చడం. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసే సదుపాయం ఉంది. నమోదు కాని కళాకారుల పేరున డబ్బు ఉంటే అక్కడ కనిపిస్తుంది. తప్పు స్పెల్లింగులతో కూడా వెతకండి. సాధారణంగా దొరికేది అక్కడే.

ఐఎస్‌ఆర్‌సీ 12 అక్షరాల, అంకెల గుర్తు: మొదట దేశానికి 2, జారీ చేసినవారికి 3, ఏడాదికి 2, చివరి 5 ఆ రికార్డింగుకు. ఇది రికార్డింగుకు ఇచ్చే సంఖ్య, పాటకు కాదు. లైవ్‌లో పాడినదానికి వేరు, రీమిక్స్‌కు వేరు. కానీ అదే ఆడియోను వేరే డిస్ట్రిబ్యూటర్ ద్వారా మళ్లీ పెట్టినప్పుడు పాత సంఖ్యే వాడాలి. ఆ గడి ఖాళీగా వదిలితే కొత్తవాళ్లు కొత్త సంఖ్య వేసేస్తారు. ఒకే రికార్డింగుకు రెండు సంఖ్యలు, ఖాతాలో ఒక్కటే నమోదు, సగం ప్లేలు గాల్లో.

నివేదికే రాని ప్లేలు కూడా ఉన్నాయి. విద్యాసంస్థలు నడిపే చిన్న లాభాపేక్ష లేని స్టేషన్లు ఏడాదికి 100 డాలర్లు అదనంగా కట్టి నివేదిక పంపడం మానుకోవచ్చు. అక్కడ మీ పాట ఎన్నిసార్లు మోగినా మీ పేరున వరుస పడదు. లాభాపేక్ష లేని స్టేషన్లకు ఇంకో వెసులుబాటు: నెలకు 159,140 శ్రోత-గంటలు దాటనంత వరకు, అంటే సగటున 218 మంది నెల పొడవునా వింటున్నంత వరకు, ఏటా కట్టే కనీస రుసుమే సరిపోతుంది. 2021 నుంచి 2025 వరకు అది ఛానల్‌కు 1,000 డాలర్లు. కాబట్టి కాలేజీ స్టేషన్‌లో వచ్చే ప్లేలను 0.0021తో గుణించి ఆశ పెట్టుకోకండి. అక్కడ పాట వేయించుకోవడం పేరు కోసం, డబ్బు కోసం కాదు.

జత కుదరని, హక్కుదారు రాని డబ్బును మొదటి పంపిణీ తేదీ నుంచి 3 ఏళ్లు ఉంచుతారు. ఆ తర్వాత దాన్ని మీ పేరున ఉంచే బాధ్యత సంస్థకు లేదు.

1972 ఫిబ్రవరి 15కు ముందు చేసిన రికార్డింగులకు డబ్బు రాదని పాతవాళ్లు కొందరు ఇంకా అనుకుంటున్నారు. 2018లో వచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టంతో అవీ ఈ లెక్కలోకి వచ్చాయి. కళాకారులు చనిపోయి ఉంటే వారసులు నమోదు చేసుకోవచ్చు.

రచన వైపు: ఆస్కాప్, బీఎంఐ

పాట రాసినవారి, స్వరపరిచినవారి డబ్బు సౌండ్‌ఎక్స్ఛేంజ్‌కు రాదు. దానికి అమెరికాలో నాలుగు ప్రధాన సంస్థలున్నాయి. 1914 నుంచి ఆస్కాప్, 1930 నుంచి సెశాక్, 1939 నుంచి బీఎంఐ, 2013 నుంచి జీఎంఆర్. సెశాక్, జీఎంఆర్ తామే ఎంచుకుని పిలుస్తాయి, కాబట్టి కొత్తవారికి ఎంపిక ముఖ్యంగా ఆస్కాప్, బీఎంఐల మధ్యే. రచయితగా ఒక సమయంలో ఒక్కదానిలోనే ఉండాలి.

ఆస్కాప్ సభ్యుల చేతిలో ఉన్న లాభాపేక్ష లేని సంస్థ. బీఎంఐ 2024లో ఒక పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది. ఈ తేడా మీద వాదోపవాదాలు చాలా జరిగాయి గానీ, నెలకు కొన్ని వందల ప్లేలున్న రచయిత దీన్ని బట్టి నిర్ణయం తీసుకోనక్కర్లేదు. చూడాల్సినవి రెండు.

మొదటిది ప్రచురణ వాటా. రచన డబ్బులో సగం రచయితది, సగం ప్రచురణకర్తది, అంటే రచన హక్కులు చూసుకునే కంపెనీది. ప్రచురణకర్త లేని రచయితకు బీఎంఐ ఆ రెండో సగాన్ని కూడా రచయితకే చెల్లిస్తుంది. ఆస్కాప్‌లో దాని కోసం ప్రచురణకర్తగా కూడా సభ్యత్వం తీసుకుని, పాట నమోదులో ఆ పేరు చేర్చడం పద్ధతి. ఇది తెలియక రచయితగా మాత్రమే చేరి, సగం డబ్బు వదిలేసుకున్నవారు తక్కువేం కాదు. రెండోది గడువు: ఆస్కాప్ కాంట్రాక్టు ఏడాదిది, బీఎంఐలో రచయితకు రెండేళ్లు. మారాలనుకుంటే నోటీసు ఇచ్చే కిటికీ ఎప్పుడు తెరుచుకుంటుందో చేరిన రోజే రాసి పెట్టుకోండి, అది దాటితే మళ్లీ కాంట్రాక్టు కొనసాగుతుంది.

ఇద్దరు కలిసి రాసిన పాటకు ఒకరు ఆస్కాప్‌లో, ఒకరు బీఎంఐలో ఉన్నా ఇబ్బంది లేదు. ఎవరి వాటా వారి సంస్థ తెస్తుంది. ఇద్దరూ చెరో చోట 100 శాతం తమదేనని నమోదు చేస్తేనే చిక్కు. స్టూడియో నుంచి బయటకు రాకముందే శాతాలు ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టడం ఎందుకు అవసరమో అప్పుడు అర్థమవుతుంది. ఇప్పటికే మీ దేశంలో ఇలాంటి సంస్థలో, భారత్‌లో అయితే ఐపీఆర్‌ఎస్‌లో, సభ్యులైనవారు అమెరికాలో మళ్లీ చేరనక్కర్లేదు. సంస్థల మధ్య పరస్పర ఒప్పందాల మీదుగా డబ్బు వస్తుంది. రావడానికి సమయం పడుతుంది, మధ్యలో ఖర్చులు పోతాయి. అది భరించలేమనుకుంటే అమెరికా వరకు పాత సంస్థ నుంచి హక్కు వెనక్కి తీసుకున్నాకే ఇక్కడ చేరాలి.

రచన వైపు ప్లేకి ఇంత అన్న స్థిర రేటు ఉండదు. స్టేషన్ ఆదాయంలో శాతంగా వసూలు చేసి పంచుతారు, రేడియో తరహా సేవల్లో రికార్డింగు వైపు వచ్చేదానికంటే ఇది బాగా తక్కువ. ఎంఎల్‌సీ అన్న సంస్థ పేరు కూడా వినే ఉంటారు. అది 2021 జనవరి నుంచి వసూలు చేస్తున్నది కోరిన పాటల సేవల నుంచి వచ్చే మెకానికల్ రాయల్టీ, అంటే రచనను నకలు చేసినందుకు ఇచ్చే సొమ్ము. అందులో చేరండి, కానీ రేడియో ప్లేల డబ్బు అక్కడ వెతకకండి.

ప్రొడ్యూసర్, తోడు వాద్యకారులు

ప్రొడ్యూసర్‌కు, మిక్సింగ్ ఇంజినీర్‌కు చట్టంలో విడి వాటా లేదు. కళాకారుడు తన 45లోంచి ఇంత శాతం ఫలానావారికి పంపండి అని సౌండ్‌ఎక్స్ఛేంజ్‌కు సంతకం చేసిన లేఖ ఇస్తే నేరుగా వెళ్తుంది. శాతం ఎంత పెట్టాలన్న దగ్గరే తప్పులు జరుగుతాయి. లేబుల్ కాంట్రాక్టులో కళాకారుడికి మొత్తం 15 పాయింట్లు (అంటే శాతాలు), అందులో ప్రొడ్యూసర్‌కు 3 ఉంటే, ఈ లేఖలో 3 శాతం అని రాస్తే ప్రొడ్యూసర్ నష్టపోతాడు. 15లో 3 అంటే కళాకారుడి వాటాలో 20 శాతం. ఆడియో ఇచ్చేముందే ప్రొడ్యూసర్ ఈ లేఖ మీద సంతకం తీసుకోవడం మంచిది. పాట హిట్ అయ్యాక అడిగితే జవాబు ఆలస్యమవుతుంది.

తోడు వాద్యకారుల, కోరస్ గాయకుల 5 శాతం రెండు యూనియన్లు కలిసి నడిపే నిధికి వెళ్తుంది, వాద్యకారులకు 2.5, గాయకులకు 2.5. యూనియన్ సభ్యత్వం అక్కర్లేదు. ఏ పాటలో ఎవరు వాయించారన్న జాబితా నిధి దగ్గర ఉండాలి, అంతే. ఆల్బమ్ వివరాల్లో వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని రాయనివారు తమ తోటివారి డబ్బుకు అడ్డుపడినట్టే.

అమెరికా బయట

సౌండ్‌ఎక్స్ఛేంజ్‌లో చేరేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: అమెరికా డబ్బు మాత్రమేనా, విదేశాల్లోది కూడా మమ్మల్నే తెమ్మంటారా? ఇతర దేశాల సంస్థల్లో ఎక్కడా సభ్యులు కానివారు విదేశాల్ని కూడా అప్పగించడం తేలిక. బ్రిటన్‌లో రికార్డింగుల డబ్బు వసూలు చేసే పీపీఎల్ లాంటి సంస్థలో ఇప్పటికే ఉన్నవారు, ఏ దేశం ఎవరికి ఇచ్చారో చూసుకుని మిగిలినవే ఇవ్వాలి. ఒకే దేశాన్ని ఇద్దరికి అప్పగిస్తే ఇద్దరి క్లెయిమ్‌లూ ఢీకొని ఆగిపోతాయి.

విదేశాల్లో ఎంత వస్తుందన్నది కళాకారుడి పౌరసత్వం, రికార్డింగు జరిగిన దేశం మీద కూడా ఉంటుంది. గాయకులు, వాద్యకారుల హక్కులపై 1961లో కుదిరిన రోమ్ అంతర్జాతీయ ఒప్పందంలో అమెరికా చేరలేదు. తన ఎఫ్ఎంలో గాయకులకు కట్టదు కాబట్టి, అమెరికా రికార్డింగులకు మేమూ కట్టం అనే దేశాలున్నాయి. 2020 సెప్టెంబర్ 8న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, కేవలం విదేశీయులన్న కారణంతో కళాకారులను పక్కన పెట్టే అధికారం సభ్య దేశాలకు లేదని తీర్పు ఇచ్చింది. కాబట్టి స్టూడియో ఎక్కడ, ఏ తేదీన రికార్డు చేశారు అన్న వివరాలు నమోదులో ఖాళీగా వదలొద్దు.

పన్ను ఫారం చివర్లో వస్తుంది గానీ డబ్బును ఆపేది అదే. అమెరికా పౌరులకు, నివాసులకు డబ్ల్యూ-9, మిగతా వ్యక్తులకు డబ్ల్యూ-8బెన్. రెండోది సరిగ్గా నింపకపోతే 30 శాతం పన్ను కోత పడుతుంది. భారత్ నివాసులు రెండు దేశాల పన్ను ఒప్పందాన్ని ఆ ఫారంలో పేర్కొని, పాన్ సంఖ్య ఇస్తే రాయల్టీపై 15 శాతమే పోతుంది. ఫారంలో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒకటే ఉండాలి. వేదిక పేరుతో ఫారం నింపితే తిప్పి పంపుతారు. ఫారం సంతకం చేసిన ఏడాది తర్వాత వచ్చే మూడో ఏడాది డిసెంబర్ 31 వరకే చెల్లుతుంది, కొత్తది ఇవ్వకపోతే 30 శాతం కోత మళ్లీ మొదలవుతుంది.